భాషాపాఠశాల నడపువారికి పరిశోధనముతో పనిలేదా?

భాష నేర్పు సంస్థలు మనలో నానాటికి హెచ్చుచున్నవి. హైదరాబాదున అమీరుపేటలో ఇంగ్లీషు మాటలాడుట నేర్పుదుమని బోర్డులు కట్టిన గదులు మొదలుకొని, అమెరికాలో సెలవుదినములయందు తెలుగువారి పిల్లలచేత గుణింతములు దిద్దించు బడులవఱకు, వీని తీరులు పెక్కులు. నడపువారిలో శ్రద్ధగలవారు లేరనలేము. అద్దె యెంత, జీతములెంత, ఈ నెల చేరినవారెందఱు అని యడిగినచో తడుముకొనక చెప్పుదురు. కాని చేరినవారిలో నడుమ మానినవారెందఱు, ఏ నెలలో మానిరి, మానిననాటికి వారికి భాషలో నేమి వచ్చియుండెను అని యడిగినచో సమాధానము చెప్పగలవారు అరుదు. "అది ఉపాధ్యాయులు చూచుకొందురు" అని కొందఱందురు. "అట్టివి విశ్వవిద్యాలయములవారి పరిశోధనలు, మావంటివారికేల?" అని మఱికొందఱందురు. ఈ రెండు సమాధానములును నాకు సమ్మతములు కావు. పాఠశాలాధికారి తన పాఠశాలను తానే పరిశోధింపవలెననియు, అతడు తప్ప మఱియెవ్వరును చూడజాలని సంగతులు కొన్ని కలవనియు నా యభిప్రాయము. దీనిని నిరూపించుటకై దాదాపు నూఱేండ్లక్రిందట మన యుపఖండముననే వ్రాయబడిన యొక గ్రంథమును విమర్శకు గైకొనుచున్నాను.

ఆ గ్రంథము 1926వ సంవత్సరమున కలకత్తాలో ప్రకటింపబడినది. పేరు 'బైలింగ్వలిజం'. వంగదేశమును ప్రత్యేకముగా గైకొని ద్విభాషాభ్యాసమును విచారించినది. గ్రంథకర్త మైకేల్ వెస్టు. ఇతడు 1888లో జన్మించి, 1912లో ఇండియను ఎడ్యుకేషనల్ సర్వీసున చేరి, వంగదేశమున పాఠశాలల ఇన్స్పెక్టరుగను, పిమ్మట ఢాకాలోని ఉపాధ్యాయశిక్షణకళాశాలకు ప్రిన్సిపాలుగను పనిచేసెను. అనగా కేవలము గ్రంథాలయమున గూర్చుండి సిద్ధాంతములు చేసినవాడు కాడు. బడులు తనిఖీ చేయుచు, ఉపాధ్యాయులను తరిఫీదు చేయుచు కాలము గడపిన యుద్యోగి. పుస్తకము సర్కారు విద్యాశాఖవారి నివేదికల వరుసలో వెలువడినదగుటచే పైకి మిక్కిలి నీరసముగా గనబడును. ఓపికతో లోనికి బోయినవారికి మాత్రము, తన పనిని తానే సందేహించిన యొక యధికారి మనసు కనబడును. అధికారులయందు అట్టి మనసు ఎంత యరుదో చదువరులకు నేను చెప్పనక్కఱలేదు.

వెస్టు మొదట పట్టుకొన్న ప్రశ్న చాల మోటైనది. వంగదేశమున ఇంగ్లీషు మొదలుపెట్టిన బాలురలో తుదివఱకు నిలుచువారెందఱు? పై తరగతులకు పోవుకొలదిని సంఖ్య తగ్గిపోవుచుండెను. అందఱును మెట్రిక్యులేషనువఱకు సాగుదురను ఊహతో పాఠ్యక్రమమంతయు కట్టబడియున్నది. కాని పెక్కుమంది యా గమ్యమును చేరకయే బడి విడుచుచున్నారు. అట్లు విడిచినవాని చేతిలో నేమి మిగిలినది? రెండేండ్లు స్పెల్లింగులును వ్యాకరణసూత్రములును వల్లించి మానినవాడు ఇంగ్లీషున నొక చిన్నకథనైన చదువలేడు, నాలుగు వాక్యములైన మాటలాడలేడు. వాని రెండేండ్లును గంగపాలు. తండ్రి కట్టిన జీతమును అట్లే.

ఇచ్చట వెస్టు భీమా కంపెనీలవారి మాట నొకదానిని తెచ్చి వాడెను: సరెండరు విలువ. జీవితభీమా తీసికొన్నవాడు గడువు నిండకమునుపే కట్టుట మానినచో కంపెనీవారు వానికి కొంత సొమ్ము తిరిగి యిత్తురు. తొలి సంవత్సరములలో మానినవానికి దక్కునది స్వల్పము, ఒక్కొక్కచో సున్న. చదువునకును ఇట్టి విలువ యొకటి కలదనియు, బాలుడు ఏ యేట మానినను ఆ యేటివఱకు నేర్చినది వానికి పనికివచ్చునట్లుగా పాఠ్యక్రమమును కట్టవలెననియు ఆతడు వాదించెను. మాటలాడుటయు వ్రాయుటయు చాలకాలము సాగినగాని ఫలమీయవు. చదువుట యట్లుకాదు, కొద్దిగా వచ్చినను ఆ కొద్దియు అక్కఱకు వచ్చును, బడి మానిన పిమ్మట ఎవరి సాయమును లేకయే పెంచుకొనవచ్చును. కావున చదువగలుగుటయే ముందు నేర్పవలెనని సిద్ధాంతము చేసెను.

ఈ సిద్ధాంతము సరియా కాదా యను విచారము పిదప చేసెదను. ముందుగా గమనింపవలసినది, అది యెవరికి తోచినదను సంగతి. తరగతిలో నిలుచుండిన ఉపాధ్యాయునికి బెంచీమీద గూర్చున్నవాడే కనబడును. మానినవాడు కనబడడు. ఏప్రిలునాటికి ముప్పదిమందితో పాఠము ముగించిన ఉపాధ్యాయుడు ఆ ముప్పదిమంది ప్రగతినిజూచి సంతసించును. జూనులో నలువదియైదుగురు ఉండిరను మాట మఱచును, లేదా తలచినను అది తన పనికాదనుకొనును. మఱి విశ్వవిద్యాలయమునుండి వచ్చిన పరిశోధకుడో, రెండు వారములుండి, హాజరైన పిల్లలకు ప్రశ్నపత్రములు పంచి, వెడలిపోవును. మానినవానిని వాడును చూడడు. చేరినవారి పేర్లును మానినవారి పేర్లును ఏండ్లతరబడి ఒకచోట నుండునది అధికారి బల్లమీది రిజిష్టరులోనే. ఒక తరగతికిని మఱియొక తరగతికిని, ఒక ఉపాధ్యాయునికిని మఱియొకనికిని, ఈ యేటికిని గతయేటికిని పోల్చిచూడగల చోటున గూర్చున్నవాడును అతడే. వెస్టునకు ఆ యూహ తట్టుటకు కారణము ప్రజ్ఞ మాత్రమే కాదు, అతడున్న చోటు.

రెండవ విచారణ పాఠ్యపుస్తకములను గూర్చినది. ఆ కాలమున వంగబాలురకు పెట్టిన ఇంగ్లీషు వాచకములలో అడుగడుగునకును క్రొత్తమాటలే. అందును నిత్యవ్యవహారమున వినబడని సాహిత్యపు మాటలు పెక్కులు. ఒకసారి కనబడిన మాట మరల కనబడదు. వెస్టు మాటలను లెక్కపెట్టెను. అమెరికాలో థార్న్‌డైక్ 1921లో ప్రకటించిన పదపట్టికను చేతబట్టి, తఱచుగా వచ్చు మాట లేవి, అరుదు లేవి యని వేఱుచేసెను. చదువువానికి ఏబది మాటల కొక్క క్రొత్తమాటకంటె మించి తగిలినచో అర్థము చిక్కదని యాతని నిర్ణయము. పిమ్మట అరుదైన మాటల స్థానమున తెలిసిన మాటలు పెట్టి, క్రొత్తవానిని దూరదూరముగా చల్లి, ఒక్కొక్కదానిని పలుమాఱులు తిరిగి వచ్చునట్లు కథలను తిరుగవ్రాసి, ఢాకాలో పిల్లలచేత చదివించి చూచెను. దీనిలో గొప్ప శాస్త్రరహస్యమేమియు లేదు. ఓపికగల గుమాస్తా చేయదగిన లెక్కయే. అయినను, ఆ వాచకములను ఏటేట మంజూరుచేసిన యధికారులలో ఎందఱు ఒక్క పుటనైన తీసికొని, ఇందు పిల్లవానికి తెలియని మాటలెన్ని యని లెక్కించియుందురు? నేడు మన భాషాసంస్థలలో పుస్తకము ఎన్నుకొనునప్పుడు కమీషనెంత, రంగులెన్ని, ఆడియో యున్నదా లేదా అని విచారింతురు. ఒక పుటలోని క్రొత్తమాటల లెక్క అరగంట పని.

ఇక దోషములు. వెస్టు చదువుటకు ఇచ్చిన ప్రాధాన్యము, వంగబాలునికి ఇంగ్లీషుతో ఎట్టి యవసరమున్నదను ప్రశ్నకు ఆతడే చెప్పుకొన్న సమాధానముపై నాధారపడియున్నది. ఇంగ్లీషు గ్రంథములనుండి విజ్ఞానమును గ్రహించుటయే ముఖ్యావసరమని యాతడెంచెను. కచేరిలో దొరయెదుట నిలిచి మాటలాడవలసినవానికి, రైల్వేలో ఉద్యోగము కోరువానికి, చదువుట యొక్కటియే చాలునా? పాలించు జాతివాడు పాలితులకు ఇంత చాలునని నిర్ణయించునప్పుడు, ఆ నిర్ణయము ఎంత సద్బుద్ధితో చేసినదైనను, శంకింపదగినదే. పరిశోధకుడు అధికారి యైనప్పుడు ఈ చిక్కు తప్పదు: ప్రశ్న వేయువాడును, ఏది లాభమో నిర్ణయించువాడును ఒక్కడే యగును.

మఱియొక దోషము ఇంతకంటె లోతైనది. వెస్టు ఆ పరిశోధనము ఫలితముగా 'న్యూ మెథడ్' వాచకములను తయారుచేయగా, లాంగ్‌మన్సువారు వానిని ప్రకటించిరి. అవి దేశదేశములకు బోయినవి. పిమ్మట 1935లో ఎండికాట్‌తో గలసి రచించిన నిఘంటువున సుమారు ఇరువదినాలుగు వేల మాటలను, జాతీయములను 1,490 మాటలతోనే వివరించెను. 1953లో రెండువేల మాటల ప్రసిద్ధపట్టికను వెలువరించెను. ఇవి మహోపకారములని నేను కాదనను. కాని పరీక్షించినవాడును పుస్తకకర్తయు ఒక్కడైనప్పుడు, ఆ పరీక్ష ఫలితమును మఱియొకడు సరిచూడవలెనా వలదా? వైద్యుడే మందులకొట్టు పెట్టినట్లు, ఇందు మోసము లేకున్నను అనుమానమునకు చోటుండును. నేటి భాషాసంస్థలలో ఈ యపాయము మఱింత హెచ్చు. తన సంస్థలో తాను చేయించిన విచారణము, "మా పద్ధతిచే ఇంతమంది కృతార్థులైరి" అను ప్రకటనగా గోడ కెక్కుటకు ఎంతో కాలము పట్టదు. ప్రకటనకొఱకు చేసినది పరిశోధనము కాదు, వర్తకము. రెంటిని వేఱుచేయు గుర్తు సులభమైనదే: తనకు నష్టము కలిగించు ఫలితము వచ్చుటకు ఆ విచారణమున చోటున్నదా లేదా యని చూడవలెను.

ఈ విషయమున మన దక్షిణదేశమున జరిగిన వేఱొక ప్రయత్నము వెస్టునకంటె మేలైన మార్గమును చూపినది. 1979 మొదలు 1984 వఱకు ఎన్. ఎస్. ప్రభు, మదరాసు బ్రిటిషు కౌన్సిలున ఇంగ్లీషు బోధనా వ్యవహారములు చూచు ఉద్యోగిగా నుండి, బెంగుళూరు మదరాసు మున్నగుచోట్ల సామాన్య పాఠశాలలలో నొక ప్రయోగము నడపెను. వ్యాకరణమును వరుసపెట్టి నేర్పక, పటము చూచి దారి కనుగొనుట, రైళ్లవేళల పట్టిక చూచి లెక్కచెప్పుట మొదలగు పనులు ఇంగ్లీషున చేయించినచో, మనసు అర్థముపై నిలిచి, వ్యాకరణము తనంతట తానే వచ్చునా? ఇది ప్రశ్న. కొలదిమంది ఉపాధ్యాయులతో గలసి పాఠములు సిద్ధపఱచి, చెప్పి, జరిగినదానిని చర్చించి, వ్రాసిపెట్టుకొనిరి. ఈ ప్రయోగమునందు నేను మెచ్చునది పద్ధతికంటె దాని తుదిఘట్టము. ఫలితమును తూచుటకు తక్కెడ తనచేత నుంచుకొనక, బెరెట్టా, డేవిస్ అను బయటివారికి అప్పగించెను. వారు 1985లో ప్రకటించిన తీర్పు జయఘోషము కాదు: ఎవరికి ఏది నేర్పిరో దానికి దగ్గఱగా నున్న పరీక్షలో వారు మెఱుగుగా నుండిరి, తక్కిన పరీక్షలలో ప్రయోగమునకు కొంత మొగ్గున్నది, అని జాగ్రత్తగా చెప్పిరి. మొదటి బృందము చేసినట్లు సామాన్యోపాధ్యాయులందఱును ఆ పద్ధతిని అందుకొనలేకపోయిరని బెరెట్టా పిదప చూపెను. ప్రభు 1987లో తన గ్రంథమును ప్రకటించెను. నేటికిని దానిని చదువుచున్నారు. ఫలితము తక్కువగా వచ్చినను గ్రంథము నిలిచినది.

తెలుగువారికి ఇట్టి చరిత్ర లేదా? ఉన్నది, ఒక మెట్టు తక్కువగా. ఇరువదవ శతాబ్ది తొలిదశకమున ఉత్తరసర్కారులలో పాఠశాలల ఇన్స్పెక్టరుగా నుండిన యేట్సుదొర, బడిలో నేర్పు తెలుగునకును జనులు మాటలాడు తెలుగునకును ఇంత యెడ మేల యని ప్రశ్నించెను. ఆ ప్రశ్నను చేపట్టినవారు గిడుగు రామమూర్తిపంతులు, గురజాడ అప్పారావుగారు, విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా నుండిన పి.టి. శ్రీనివాసయ్యంగారు. తెలుగుబోధనను సంస్కరించుటకు అయ్యంగారు ఒక సంఘమునే స్థాపించిరి. అనగా వ్యావహారికోద్యమమునకు విత్తనము పడినది కవుల సభలో కాదు. ఒక తనిఖీ అధికారి సందేహమున. రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరల భాషను వారియొద్దనే నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకై స్వంతసొమ్ముతో బడులు పెట్టిరి. 1931లో సవరభాషా వ్యాకరణమును ప్రకటించిరి. (గ్రాంథికమున వ్రాయుచు పంతులుగారిని పొగడుచున్నానని నవ్వువారు నవ్వుదురుగాక.) కాని పిమ్మట జరిగిన వాదములో ఇరుపక్షములవారును ప్రధానముగా శాసనములు, పూర్వగద్యములు, వ్యాకరణసూత్రములు చూపి పోరాడిరి. 1914లో గురజాడవారు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన యసమ్మతిపత్రము ఆ వాదమున ప్రసిద్ధము. పదేండ్ల బాలునిచేత ఒకే సంగతిని రెండుతీరుల వచనమున చదివించి, దేనిని ఎంత గ్రహించెనో కొలిచి చూపుట ఆ చర్చలలో ముఖ్యస్థానము పొందలేదు. యేట్సుదొర ప్రశ్న బడిలో పుట్టినది. సమాధానమును సాహిత్యచరిత్రమున వెదకిరి.

నేడు విదేశములలోని మన తెలుగుబడులకు వెస్టు ప్రశ్న మిక్కిలి తగును. వారమునకు ఒకటి రెండు గంటలు తరగతి. తల్లిదండ్రులు ఎంతో మమకారముతో చేర్పింతురు. పిల్లవాడు మూడేండ్లకు మానునో, ఒక్క యేటికే మానునో, ఈతపోటీలవలననో సంగీతపాఠమువలననో. మొదటి యేడంతయు అచ్చులు, హల్లులు, గుణింతములు దిద్దించినచో, ఏడాదికి మానినవానికి దక్కిన సరెండరు విలువ యెంత? తెనాలిలోని యమ్మమ్మతో ఫోనున రెండు ముక్కలు మాటలాడలేడు; ఏబదియాఱక్షరములలో ముప్పది మఱచును. అదే మొదటి యేడు మాటలాడుటకే కేటాయించినచో? అక్షరములు రానివాడే యైనను అమ్మమ్మ మాటకు బదులు చెప్పగలడు. ఇచ్చట వెస్టు సిద్ధాంతము తలక్రిందగుచున్నదని చదువరులు గమనింతురుగాక: వంగబాలునికి చదువుట ముందు కావచ్చును, మన పిల్లవానికి మాట ముందు కావచ్చును. సిద్ధాంతమును అరువు తెచ్చుకొనరాదు. ప్రశ్నను మాత్రము అరువు తెచ్చుకొనవచ్చును. నా యూహయు తప్పు కావచ్చును. ఏది నిజమో తేల్చుటకు ఆ బడి నడపువారు రెండు తరగతులను రెండుతీరుల నడిపించి, సంవత్సరాంతమున మానినవారి యిండ్లకును ఫోనుచేసి, పిల్లవాడు ఏమి చేయగలుగుచున్నాడో విచారించిన చాలును.

ఇంత సులభమైనచో ఏల చేయరు? తీరిక లేదందురు. అది కొంత నిజము, కొంత సాకు. నెలకొక ప్రకటన వ్రాయించుటకు తీరిక యున్నది. మాకు పరిశోధనవిద్య రాదందురు. అసలు అడ్డంకి వేఱు. అధికారి ప్రశ్న వేసినప్పుడు క్రిందివారు నిజము చెప్పరు. "ఈ పుస్తకము పనికివచ్చుచున్నదా?" అని జీతమిచ్చువాడు అడిగిన, "దివ్యముగా నున్నదండి" అనియే సమాధానము. తరగతిలోనికి పుస్తకము చేతబట్టుకొని వచ్చి వెనుకబెంచీలో గూర్చున్న యధికారిని పరిశోధకుడని ఏ ఉపాధ్యాయుడు నమ్మును? తనిఖీయనియే తలచి, ఆనాటి పాఠమును నాటకముగా ఆడును. కావున ఇట్టి విచారణ చేయదలచినవాడు మొదట కొంత యధికారమును వదలుకొనవలెను: ఈ లెక్కలు జీతములకును బదిలీలకును ముడిపడవని ముందుగా చెప్పి, ఆ మాట నిలుపుకొనవలెను, అభిప్రాయములు అడుగుటకు బయటివానిని నియమింపవలెను, తన నిర్ణయములనే, అనగా తాను వేసిన వేళలపట్టికను, తాను ఎన్నిన పుస్తకమును, తాను నింపిన తరగతి పరిమాణమును మొదట పరీక్షకు పెట్టవలెను. ఉపాధ్యాయుని పరీక్షించుట అధికారికి అలవాటే. తన్ను పరీక్షించుకొనుటయే క్రొత్త.

ఉపాధ్యాయులు తమ తరగతులను తామే పరిశోధింపవలెనను మాట ఇప్పుడు అన్నిదేశములలో వినబడుచున్నది. కర్ట్ లెవిన్ 1946లో క్రియాపరిశోధనమను భావమును వ్యాసరూపమున ప్రకటించెను. లారెన్సు స్టెన్‌హౌస్ 1975లో ఉపాధ్యాయుడే పరిశోధకుడని గ్రంథమున వాదించెను. ఆస్ట్రేలియాలో 2010 మొదలు ఇంగ్లీషు సంస్థలలోని ఉపాధ్యాయులచేత ఇట్టి పరిశోధనలు చేయించు ఏర్పాటొకటి నడచినది. 2018లో రిచర్డు స్మిత్, పౌలా రెబొలెడో రచించిన చేపుస్తకమును బ్రిటిషు కౌన్సిలువారు ప్రకటించిరి. మెచ్చదగిన పనులే. అయినను ఇవి ప్రధానముగా ఉపాధ్యాయుని నుద్దేశించినవి. అధికారి పాత్ర యేమి? సెలవు మంజూరుచేయుట, సభలో అధ్యక్షత వహించుట, సర్టిఫికెట్టుపై సంతకము పెట్టుట. చాకిరి ఉపాధ్యాయునిది, ఆశీర్వచనము అధికారిది. ఉపాధ్యాయుడు శ్రమించి, ఏబదిమంది యున్న తరగతిలో ఒక్కొక్కనికి మాటలాడు అవకాశము వారమునకు ఒక నిమిషమైన దొరకుటలేదని కనుగొనెననుకొందము. అతడేమి చేయగలడు? తరగతిని రెండుగా చీల్చుట అతని చేతిలో లేదు. అధికారి ఆ విచారణలో భాగస్వామి కానిచో ఆ కాగితము బీరువాలో చేరును.

ఈ పత్రిక చదువు గృహస్థులకు ఇందు పనియున్నది. కూతునో కోడలినో ఇంగ్లీషు తరగతికి పంపునప్పుడు జీతమెంత, ఎన్నాళ్లలో వచ్చును అని యడుగుచున్నారు. దానితోబాటు ఇంకొకటి యడుగవచ్చును: "నిరుడు ఈ నెలలో చేరినవారెందఱు, తుదివఱకు ఉన్నవారెందఱు, రెండవ నెలలో మానినవారికి ఏమి వచ్చియుండెను?" సంఖ్య తక్కువగా చెప్పిన సంస్థకు పంపుటకు వెనుదీయనక్కఱలేదు, లెక్కించి చూచుకొన్నవారు గనుకనే ఆ సంఖ్య చెప్పగలిగిరి. అందఱును కృతార్థులైరని చెప్పినచో రిజిష్టరు చూపుమని యడుగుడు.